పట్టుబడ్డాక 144 ఏళ్లు బతికిన ఓడ

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ట్రఫాల్గర్ యుద్ధం (1805లో బ్రిటిష్ వాళ్లు ఫ్రాన్సు, స్పెయిన్ నౌకాదళాల్ని ఓడించిన సముద్ర యుద్ధం) మీద వేసిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగుంది, బ్రిటిష్ అడ్మిరల్ నెల్సన్ చనిపోయిన ఘట్టం చదువుతుంటే మనసు కదిలింది. కానీ చివర్లో ఫ్రెంచి అడ్మిరల్ డ్యుమన్వార్ గురించి ఒక వాక్యం ఉంది, "డ్యుమన్వార్ దళంలోని నాలుగు ఫ్రెంచి నౌకలు తప్పించుకుని వెళ్లిపోయాయి" అని. అక్కడితో వ్యాసం అయిపోయింది. అది పొరపాటు. తప్పించుకున్న మాట నిజమే కానీ సరిగ్గా 14 రోజులు, అంతే. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ నుంచి బయటపడ్డ ఆ నాలుగు ఓడలూ నవంబర్ 4న స్పెయిన్ ఉత్తర తీరంలో కేప్ ఒర్తెగాల్ దగ్గర దొరికిపోయాయి, ఒక్కటి కూడా ఇల్లు చేరలేదు. ఆ నాలుగింటిలో ఒకటి, డ్యుగే త్రుయే, అక్కడి నుంచి ఇంకో 144 ఏళ్లు బతికింది. దాని గురించి చెప్పాలనే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వీలున్నంత వరకు కత్తిరించకుండా వేయండి.

నాకు ఈ ఓడ పిచ్చి ఎలా పట్టిందంటే, లండన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు రెండేళ్ల కిందట గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంకి వెళ్లి ఒక ఫోటో పంపింది. గోడ ఎత్తున పెద్ద చెక్క కట్టడం, వరసగా కిటికీలు, చుట్టూ చెక్కడాలు. "మావయ్యా, ఇది ఏదో రాజుగారి మేడ ముందు భాగం లాగుంది, కింద ఓడ అని రాశారు, ఏమిటిది?" అని అడిగింది. అది ఈ యుద్ధనౌక వెనక భాగమే. కెప్టెన్ గది కిటికీలు అటే ఉంటాయి. ఓడ మొత్తంలో మిగిలింది ఆ వెనక భాగం, ముందు కొమ్ము మీది బొమ్మ, ఇంకొన్ని ముక్కలు, అంతే.

దాని మొదటి పేరు డ్యుగే త్రుయే. సెయింట్ మాలో ఊరి వాడైన ఒక పేరుమోసిన ఫ్రెంచి సముద్ర యోధుడి పేరు అది. 1800 మార్చి 24న రోష్‌ఫోర్ ఓడల కర్మాగారంలో నీళ్లలోకి దించారు. 74 ఫిరంగుల ఓడ, అడుగు అంతస్తులో 36 పౌండ్ల గుండ్లు వేసే ఫిరంగులు, అంటే ఒక్కో ఇనప గుండు 17 కిలోలకు పైనే. పొడవు 55 మీటర్లకు కొంచెం ఎక్కువ. ఝాక్ నోయెల్ సానే అనే ఇంజినీరు 1782లో గీసిన ఒకే నమూనా మీద ఫ్రాన్సు ఇలాంటివి వందకు పైగా కట్టింది, తెమెరేర్ తరగతి అంటారు వాటిని. ఒకే నమూనా, వేరు వేరు రేవులు, వందకు పైగా ఓడలు, ఆ కాలంలో ఇది చిన్న విషయం కాదండీ.

ఇక్కడ మన విశాఖ వాళ్లు ఆగి చదవాల్సిన సంగతి ఒకటుంది. 1804 సెప్టెంబర్ 15న విశాఖపట్నం రేవు ముందు ఒక యుద్ధం జరిగింది. ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా మరెంగో అనే 74 ఫిరంగుల ఓడతో, తోడు రెండు ఫ్రిగేట్లతో (కాస్త చిన్నవి, వేగమైన యుద్ధనౌకలు) వచ్చి, ఇక్కడ లంగరు వేసుకుని ఉన్న బ్రిటిష్ వాళ్ల సెంచూరియన్ మీద పడ్డాడు. సెంచూరియన్‌తో పాటు రెండు వర్తక ఓడలు ఉన్నాయి. ఒకటి, బార్నబీ, లంగరు తాడు కోసుకుని ఒడ్డుకు కొట్టుకుపోయి ముక్కలైంది. రెండోది, ప్రిన్సెస్ షార్లెట్, లొంగిపోయింది, దాన్ని ఫ్రెంచి వాళ్లు పట్టుకుపోయారు. సెంచూరియన్ మాత్రం ఒడ్డుకు దగ్గరగా జరిగి, ఒడ్డు మీది ఫిరంగుల తోడుతో నిలబడింది, మరెంగో బరువైన ఓడ కావడంతో ఆ లోతు తక్కువ నీళ్లలోకి రాలేకపోయింది. మన ఊరి సముద్రం ఆ రోజు ఎవరికి సాయం చేసిందో చూడండి. ఆ మరెంగో కూడా ఇదే సానే నమూనా ఓడ, అంటే డ్యుగే త్రుయేకి తోబుట్టువు. అందుకే ఈ ఓడ కథ నాకు ఎక్కడో దూరదేశపు కథలా అనిపించదు.

మళ్లీ డ్యుగే త్రుయే దగ్గరికి వస్తాను. దాని ఫ్రెంచి జీవితం అయిదేళ్లకు కాస్త పైన మాత్రమే, అదీ అంతా పరుగులే. 1803 నాటికి అది కరీబియన్‌లో ఉంది, ఇప్పుడు హైతీ అంటున్న దేశంలో. బానిసత్వం తెంచుకున్న నల్లజాతి ప్రజల్ని మళ్లీ లొంగదీయడానికి నెపోలియన్ పంపిన సైన్యం అక్కడ పచ్చజ్వరంతో, తిరుగుబాటుతో చచ్చిపోతోంది, రేవు బయట బ్రిటిష్ ఓడలు కాపలా కాస్తున్నాయి. జులైలో ఒక రాత్రి డ్యుకేన్ అనే మరో 74 ఫిరంగుల ఓడ, గెరియేర్ అనే ఫ్రిగేటు, ఇదీ కలిసి ఆ కాపలా దాటి పారిపోయాయి. డ్యుకేన్ మర్నాడే పట్టుబడింది. మిగతా రెండూ అట్లాంటిక్ మొత్తం దాటి స్పెయిన్ చేరాయి. ఆ గెరియేర్‌ని కూడా 1806లో బ్రిటిష్ వాళ్లు పట్టుకుని తమ నౌకాదళంలో కలుపుకున్నారు, తర్వాత 1812లో అమెరికా వాళ్ల కాన్‌స్టిట్యూషన్ చేతిలో అది ఓడిపోయింది. దాన్ని ఓడించిన కాన్‌స్టిట్యూషన్ ఇప్పటికీ బోస్టన్‌లో నీళ్ల మీద ఉంది, మన పిల్లలు ఎంతోమంది ఆ ఊళ్లో ఉన్నారు, వెళ్లి ఎక్కి చూడొచ్చు.

ట్రఫాల్గర్ రోజున డ్యుగే త్రుయే ముందు వరసలో ఉంది, డ్యుమన్వార్ కింద. గాలి చాలా తక్కువ. బ్రిటిష్ వాళ్లు వరస మధ్యలోనూ వెనకా విరుచుకుపడ్డారు, ముందున్న వాళ్లు వెనక్కి తిరిగి రావాలి, ఆ మందగాలిలో అంతంత ఓడలు తిప్పడానికే గంటలు పట్టింది, వచ్చేసరికి అంతా అయిపోయింది. డ్యుమన్వార్‌ని పిరికివాడన్నారు, ఇప్పటికీ అంటున్నారు, మీ వ్యాసంలో కూడా ఆ ధ్వని ఉంది. నాకు మాత్రం ఆ మాట అంత తేలిగ్గా అనబుద్ధి కాదు. తెరచాప ఓడకి గాలే ఇంజను, గాలి లేనప్పుడు ఎంత ధైర్యవంతుడైనా ఏం చేస్తాడు? ఆలస్యంగా కదిలాడని తప్పుపట్టొచ్చు, అది వేరే.

నవంబర్ 4 సంగతి. బ్రిటిష్ దళాధిపతి సర్ రిచర్డ్ స్ట్రాకన్ వేరే ఫ్రెంచి దళాన్ని వెతుకుతూ వస్తూ వీళ్ల మీద పడ్డాడు. వెంటాడి వెంటాడి పట్టుకున్నాడు. డ్యుమన్వార్ ఎక్కిన ఫార్మిదాబ్ల్ ట్రఫాల్గర్ నుంచి తప్పించుకునేటప్పుడే కొన్ని ఫిరంగులు సముద్రంలో పారేసింది, అయినా లాభం లేకపోయింది. డ్యుగే త్రుయే కెప్టెన్ తూఫే చనిపోయాడు. ఫ్రెంచి వైపు చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి 700 దాటారు, బ్రిటిష్ వైపు చనిపోయింది 24 మంది. ట్రఫాల్గర్‌లో అంత గెలిచి కూడా, పట్టుకున్న ఓడల్లో ఎక్కువ భాగం తర్వాత వచ్చిన తుఫానులో పోయి, బ్రిటిష్ వాళ్లకి చివరికి నాలుగే మిగిలాయి, స్ట్రాకన్ మాత్రం పట్టుకున్న నాలుగింటినీ భద్రంగా ప్లిమత్ చేర్చాడు.

ఇప్పుడు అసలు విషయం. పట్టుబడ్డ ఓడని ఏం చేసేవారు? మనం చదివే చరిత్ర పుస్తకాల్లో "ఇన్ని ఓడలు పట్టుకున్నారు" అని అంకె వేసి వదిలేస్తారు, మీ వ్యాసంలోనూ అంతే. కానీ ఆ అంకె వెనక చాలా పని ఉంది. ముందు గెలిచినవాళ్లు తమ కళాసీల్లో కొందరిని ఆ ఓడ మీదికి పంపుతారు, తెరచాప కొయ్యలు విరిగి, నీళ్లు కారుతూ, లోపల గాయపడ్డ శత్రువులు మూలుగుతున్న ఓడని వాళ్లు నడిపి రేవుకు తేవాలి. తర్వాత అది సరైన యుద్ధ సొత్తేనా కాదా అని ఒక ప్రత్యేక కోర్టు తేలుస్తుంది. తేల్చాక ప్రభుత్వం వెల కట్టి కొంటుంది, ఆ డబ్బు పట్టుకున్నవాళ్లకు పంచుతారు. ఆ రోజుల్లో లెక్క ఎలా ఉండేదంటే మొత్తాన్ని 8 వంతులు చేసి 3 వంతులు కెప్టెన్‌కి (ఆయన పైన అడ్మిరల్ ఉంటే ఆ మూడింటిలో ఒకటి అడ్మిరల్‌కి), మామూలు కళాసీలు, సైనికులు అందరికీ కలిపి 2 వంతులు, ఆ 2 వంతుల్నీ వందలమంది పంచుకోవాలి. ప్రాణాలు అందరూ పెట్టారు, పంపకం మాత్రం ఇలా. 1808లో ఈ లెక్క మార్చారు, కెప్టెన్ వాటా కాస్త తగ్గింది.

ఆ తర్వాత ఓడని ఎండు గుంటలోకి (నీళ్లు తోడేసి ఓడలు బాగుచేసే చోటు, డ్రై డాక్) ఎక్కించి అడుగు నుంచి పైదాకా కొలతలు తీసి బొమ్మ గీసేవారు. ఫ్రెంచి వాళ్ల నమూనాల మీద బ్రిటిష్ వాళ్లకి అంత ఆసక్తి. 1747లో పట్టుకున్న అన్వాన్సిబ్ల్ అనే ఫ్రెంచి ఓడని చూశాకే వాళ్లకి 74 ఫిరంగుల ఓడ విలువ తెలిసింది, తర్వాత వాళ్ల దళానికి అదే వెన్నెముక అయింది. అంటే ఓడిపోయినవాడి పనితనం గెలిచినవాడి ఓడల్లో బతికింది. ఫిరంగులు మాత్రం మార్చాల్సిందే, ఫ్రెంచి 36 పౌండ్ల గుండు బ్రిటిష్ 32 పౌండ్ల ఫిరంగిలో పట్టదు కదా. పేరు కూడా మార్చారు, ఇంప్లాకబుల్ అని. శాంతించనిది అని అర్థం.

తతిమ్మా మూడు ఓడల గతి చూడండి. ఫార్మిదాబ్ల్‌కి బ్రేవ్ అని పేరు పెట్టి ఖైదీల ఓడ చేశారు. మోం బ్లాం మందుగుండు గిడ్డంగి అయింది. సిప్యోన్ ఒక్కటి 1811లో జావా దాడికి వెళ్లింది. మూడింటి కథా 1819 కల్లా ముగిసింది. మన విశాఖ ముందుకు వచ్చిన మరెంగో? 1806 మార్చి 13న లిన్వాతో సహా పట్టుబడి, పోర్ట్స్‌మౌత్‌లో ఖైదీల ఓడగా నిలబడి 1816లో ముక్కలైంది. తెరచాపలు పీకేసి, కొయ్యలు దించేసి, బురద నీళ్లలో కట్టిపడేసిన ఓడలో వందలమందిని కుక్కేవారు. పట్టుబడ్డ ఓడల్లో చాలావాటికి అదే ముగింపు.

ఇంప్లాకబుల్‌కి అలా జరగలేదు. 1808 ఆగస్టు 26న బాల్టిక్ సముద్రంలో, ఇప్పటి ఎస్టోనియా తీరంలో, బయమ్ మార్టిన్ కెప్టెన్‌గా వ్సెవలద్ అనే రష్యన్ 74 ఫిరంగుల ఓడ మీద పడి దాన్ని లొంగదీసింది, సెంటార్ అనే తోటి ఓడ కూడా వచ్చి పని ముగించింది, చివరికి నేలకు తట్టిన వ్సెవలద్‌ని తగలబెట్టేశారు. ఒక్కసారి ఆలోచించండి, ఫ్రాన్సులో కట్టిన ఓడ, ఇంగ్లండ్ జెండా కింద, స్వీడన్ పక్షాన, రష్యా ఓడతో పోరాడింది. 1809లో ఫిన్లాండ్ తీరంలో దీని పడవలు వెళ్లి రష్యన్ గన్‌బోట్లను రాత్రికి రాత్రి పట్టుకొచ్చాయి, ఆ దాడి నడిపించిన లెఫ్టినెంట్ జోసెఫ్ హాకీ చనిపోయాడు. మళ్లీ 1840లో, అప్పటికి ఓడకి 40 ఏళ్లు, మధ్యధరా సముద్రంలో సిరియా తీరం వైపు ఈజిప్టు పాలకుడు ముహమ్మద్ అలీ సైన్యం మీద జరిగిన చర్యల్లో ఉంది. ఆవిరి ఓడలు వచ్చేసిన కాలం అది.

తర్వాతి వందేళ్లు ఆ ఓడ కుర్రాళ్లకి బడి అయింది. 1855 నుంచి డెవన్‌పోర్ట్‌లో నౌకాదళంలో చేరే కుర్రాళ్ల శిక్షణ అందులోనే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమ్మేయబోయారు, ఏడో ఎడ్వర్డ్ రాజు అడ్డుపడ్డాడు. 1912లో వీట్లీ కాబ్ అనే పెద్దమనిషికి అప్పగించారు. ఆయన తన డబ్బు పెట్టి ఆ ఓడని కాపాడాడు, ఫాల్‌మత్‌లో పెట్టి పిల్లలకి సముద్రపు పని నేర్పించాడు. ఆయన దగ్గరే ఇంకో ఓడ ఉంది, ట్రింకోమలీ, దాన్ని 1817లో మన బొంబాయిలో ఓడలు కట్టే వాడియాల రేవులో టేకుతో కట్టారు! 1931లో ఆయన పోయాక రెండింటినీ పోర్ట్స్‌మౌత్ తెచ్చారు. రోష్‌ఫోర్‌లో ఫ్రెంచి వడ్రంగులు కట్టిన ఓక్ ఓడా, బొంబాయిలో మన వడ్రంగులు కట్టిన టేకు ఓడా పక్కపక్కన లంగరు వేసుకుని ఇంగ్లండ్ పిల్లలకి చదువు చెప్పాయి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యేసరికి ఓక్ ఓడ కుళ్లిపోయింది. బాగు చేయడానికి 150,000 పౌండ్లు అవుతుందన్నారు. దేశంలో తిండికే రేషన్, కర్ర దొరకదు, పౌండు విలువ కూడా 1949లో తగ్గించారు. ఫ్రాన్సుని అడిగారు, తీసుకుంటారా అని. వాళ్లూ వద్దన్నారు. యుద్ధంలో సగం దేశం కూలిపోయినవాళ్లు వాళ్లు, ఆ మాట అన్నందుకు తప్పుపట్టలేను. 1949 డిసెంబర్ 2న దాన్ని పోర్ట్స్‌మౌత్ నుంచి లాక్కెళ్లి ఇంగ్లిష్ ఛానెల్‌లో పేలుడు పెట్టి ముంచేశారు. ఆ రోజు దాని మీద రెండు జెండాలు ఎగరేశారు, ఫ్రెంచిదీ బ్రిటిష్‌దీ పక్కపక్కన. పేలాక అడుగు భాగం కిందికి పోయింది కానీ పైభాగం వెంటనే మునగలేదు, చాలాసేపు నీళ్ల మీదే ఉండిపోయింది. ట్రఫాల్గర్‌లో పాల్గొన్న ఓడల్లో అప్పటికి నీళ్ల మీద తేలుతున్నది అదొక్కటే. నెల్సన్ ఎక్కిన విక్టరీ ఉంది కానీ అది 1922 నుంచి ఎండు గుంటలో ఉంది.

ఇంగ్లండ్‌లో ఎంతోమంది ఆ పని చూసి తల్లడిల్లారు. కొన్నేళ్లకే కటీ సార్క్ అనే పాత తెరచాప వర్తక ఓడని కాపాడి గ్రీనిచ్‌లో నిలబెట్టారంటే ఆ బాధ కూడా ఒక కారణం. 1979లో పాత ఓడల్ని కాపాడడానికి ఒక అంతర్జాతీయ సంస్థ పెట్టినప్పుడు "ఇంప్లాకబుల్ — మళ్లీ ఎన్నడూ వద్దు" అనే మాటనే తమ నినాదంగా పెట్టుకున్నారు. టేకుతో కట్టిన ట్రింకోమలీ మాత్రం బతికింది, బాగు చేసి హార్టిల్‌పూల్‌లో ఉంచారు.

ఇదంతా చదువుతూ నాకు మాటిమాటికీ గుర్తొచ్చింది మన విక్రాంత్, విరాట్. 1971లో బంగాళాఖాతంలో పనిచేసిన విక్రాంత్ ముంబైలో కొన్నేళ్లు మ్యూజియంగా ఉండి 2014లో తుక్కు కింద పోయింది. విరాట్‌ని విశాఖలో మ్యూజియం చేద్దామని మన రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చినప్పుడు నేను పడ్డ సంతోషం ఇంతా అంతా కాదు. ఖర్చు దగ్గర ఆగిపోయింది, 2020లో గుజరాత్‌లో ఓడలు విరిచే అలంగ్‌కి వెళ్లిపోయింది. మా నాన్న పోర్టులో టగ్గు మీద పనిచేశారు, ఓడ అంటే ఆయనకి ఇంట్లో మనిషి కిందే లెక్క, ఆ వార్త వచ్చిన రోజు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ఉంది, 2002 నుంచి లక్షలమంది పిల్లలు దాని లోపల తిరిగారు, నేను మా వాళ్లని ఎన్నిసార్లు తీసుకెళ్లానో లెక్క లేదు. ఇనుముతో చేసిన ఓడ తుప్పు పడితే ఖర్చవుతుంది, చెక్క ఓడ కుళ్లితే ఇంకా ఎక్కువ అవుతుంది, ఇవన్నీ నాకు తెలుసు. అయినా అది ఖర్చు పెట్టాల్సిన చోటే అంటాను.

మీ దగ్గర అడిగేవి రెండే. ఒకటి, వచ్చే వారం ఆ వాక్యానికి సవరణ వేయండి, నాలుగు ఓడలూ 1805 నవంబర్ 4న పట్టుబడ్డాయి అని. రెండు, 1804 సెప్టెంబర్ 15న విశాఖ రేవు ముందు ఏం జరిగిందో, ఆ మరెంగో తర్వాత ఏమైందో ఒక ఆదివారం పూర్తి పేజీ వేయండి, ఈ ఊరి పిల్లలు బీచ్‌లో నిలబడి చూసే నీళ్లలోనే జరిగింది అది. సవరణలో ఆ ఓడ పేరు రాసేటప్పుడు ఇంప్లాకబుల్ అని ఒక్కటే రాయకండి, డ్యుగే త్రుయే అని కూడా రాయండి, అదే ముందు పేరు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
విశాఖపట్నం